తొందరగా కాదు, సరిగ్గా తొందరగా

ఏప్రిల్ 14 అనగానే మా హాస్టల్ విద్యార్థులకు గుర్తొచ్చేది అంబేడ్కర్ జయంతి. దేశమంతటా అగ్నిమాపక వారోత్సవాలు మొదలయ్యేది కూడా ఆ రోజే అని మాలో చాలామందికి తెలియదు. 1944లో అదే రోజున బొంబాయి రేవులో పత్తి బేళ్లు, పేలుడు సామగ్రి నింపుకొన్న ఫోర్ట్ స్టికిన్ ఓడ నిప్పంటుకొని పేలిపోయింది. ఆర్పడానికి వెళ్లిన 66 మంది అగ్నిమాపక సిబ్బంది చనిపోయారు. ఆ పేలుడు ముందు ఏ కోటూ ఆగేది కాదనుకోండి. కానీ ఇల్లు, గోదాము, రైస్ మిల్లు కాలినప్పుడు మనిషిని కాపాడేది ఆ కోటే.

గంట మోగిందంటే ఫైర్‌మెన్‌కు క్షణాలే లెక్క. అమెరికా ప్రమాణం ప్రకారం పిలుపు అందిన 80 సెకన్లలో బండి కదలాలి. దుస్తులు వేసుకోవడం కూడా అందులోనే. అందుకే ప్యాంటును బూట్ల మీదికి మడిచి ముందే నిలబెట్టి ఉంచుతారు. కాళ్లు బూట్లలో దింపి పైకి లాగడమే. తర్వాత కోటు, వీపుకు గాలి సిలిండర్, ముఖానికి మాస్కు, చెవులూ మెడా కప్పే హుడ్, హెల్మెట్. చేతి తొడుగులు చివరన. అవి ముందే వేసుకుంటే బకిల్ పట్టు దొరకదు. కోటులో మూడు పొరలుంటాయి: పైది మంటను, మధ్యది తడిని, లోపలిది వేడిని ఆపుతాయి. కాలరు తెరిచి ఉంటే మూడు పొరలూ దండగే. మాస్కు కింద గడ్డం పెరిగి ఉన్నా పొగ లోపలికి దూరుతుంది.

ప్రార్థన గంట కొట్టాక పరుగెత్తుతూ గుండీలు పెట్టుకునే మాకు ఇది బాగా అర్థమవుతుంది. మా గుండీ తప్పితే నవ్వుతారు, అంతే. అందుకే ఇలాంటి పోటీల్లో గడియారాన్ని మాత్రమే చూసి బహుమతి ఇవ్వడం తప్పని మా అభిప్రాయం. ఒక్క పట్టీ వదిలేసినా అతను ఓడినట్టే లెక్కగట్టాలి.

మా బోధన్ వైపు ఈ సంగతి చెప్పనక్కర్లేదు. శక్కర్‌నగర్ ఫ్యాక్టరీ 2015 డిసెంబరులో మూతబడింది గానీ, చెరుకు పిప్పి కుప్పకు నిప్పంటుకుంటే ఎట్లుంటదో పెద్దలకు తెలుసు. పైన ఆరినట్టే ఉంటుంది, లోపల రగులుతూనే ఉంటుంది. అక్కడ మంటకన్నా పొగతోనే ప్రమాదం.

ఇక్కడే మా అసలు మాట. మాలో కొందరి నాన్నలు, చిన్నాన్నలు మురుగు కాలువల్లో దిగేవాళ్లు. అక్కడి గాలి కూడా మనిషిని పొగలాగే పడేస్తుంది. రక్షణ సామగ్రి లేకుండా సెప్టిక్ ట్యాంకులోకి, మ్యాన్‌హోల్‌లోకి మనిషిని దించకూడదని 2013 చట్టం చెప్పింది. మురుగు కాలువలో చనిపోయినవారి కుటుంబానికి 30 లక్షలు ఇవ్వాలని 2023 అక్టోబరులో సుప్రీంకోర్టు చెప్పింది. ఆ డబ్బు వచ్చేది మనిషి పోయాక. ఫైర్‌మెన్‌కు 80 సెకన్లు లెక్కగట్టే లోకం, వీళ్లకు మాస్కు ఉందా లేదా అనైనా చూడదెందుకు?

వచ్చే ఏప్రిల్ 14న విగ్రహానికి పూలమాల వేశాక ఫైర్ స్టేషన్ వాళ్లను హాస్టల్‌కు పిలిపించమని వార్డెన్ గారిని కోరుతున్నాం. పారిశుద్ధ్య కార్మికులనూ పిలవాలి. సిలిండర్, మాస్కు వాళ్ల చేత కూడా తొడిగించాలి. గడియారం మేం పట్టుకుంటాం, పట్టీలు కూడా మేమే చూస్తాం.