గారపళ్లు చెప్పే నీటి లెక్క

కనిగిరి, పొదిలి, దర్శి తాలూకాలు నెల్లూరు జిల్లాలో ఉన్న రోజులవి. 1937లో షార్ట్ అనే వైద్యుడి బృందం నీటిలో ఫ్లోరైడ్ ఎక్కువై ఆ జిల్లా పల్లెల్లో వచ్చిన ఫ్లోరోసిస్‌ను వైద్య పత్రికకు ఎక్కించింది. ఆ తర్వాత ప్రకాశం జిల్లా ఏర్పడింది, బావులు పోయి బోర్లు వచ్చాయి. గారపళ్లు మాత్రం పోలేదు. మార్కాపురం వైపు బడుల్లోనూ గ్రూపు ఫొటోలో నవ్వమంటే పెదాలు బిగించే పిల్లలు కనిపిస్తారు. ముందుపళ్ల మీద సుద్ద గీతలు, ముదిరితే అడ్డంగా గోధుమరంగు పట్టీలు.

ఆ పళ్లను దంతవైద్యుడి పనిగా చూస్తున్నాం. నిజానికి అవి నీటి సరఫరా విభాగం చూడాల్సినవి. శాశ్వత ముందుపళ్ల పింగాణి పొర చిగుళ్ల లోపల తయారయ్యేది పుట్టినప్పటి నుంచి నాలుగైదేళ్ల లోపే. అందుకే మూడో తరగతి పిల్లల పళ్లు చూస్తే, ఆ ఇల్లు ఆ ఏళ్లలో ఎలాంటి నీళ్లు తాగిందో చాలావరకు అంచనా వేయవచ్చు.

బడికి వైద్యసిబ్బంది రావడం కొత్తేమీ కాదు. 2010లో జవహర్ బాల ఆరోగ్య రక్ష, 2013లో రాష్ట్రీయ బాల స్వాస్థ్య కార్యక్రమం వచ్చాయి. 2019 అక్టోబరు 10న మొదలైన కంటి వెలుగు కూడా తొలి విడతలో బడిపిల్లలనే ఎంచుకుంది. అక్కడ లెక్క తేలిక: చూపు తక్కువని తేలిన పిల్లకే కళ్లద్దాలు. పళ్ల దగ్గర ఆ లెక్క కుదరదు. గార పట్టిన పన్ను మునుపటిలా కాదు. దాన్ని చూసి మనం కాపాడగలిగేది ఆ పిల్ల ఇంట్లో పాకుతున్న తమ్ముణ్ణి. బడి ఆరోగ్య కార్డులో ‘దంత సమస్య’ అని టిక్కు పెట్టి చేతులు దులుపుకుంటే తమ్ముడికీ అవే నీళ్లు.

చేయాల్సింది పెద్ద పనేం కాదు. ఏడాదికోసారి మూడో తరగతి పిల్లల ముందుపళ్లు ఏఎన్ఎం చూడాలి, గార ఉన్నవారి ఇళ్లకు నీళ్లు ఏ బోరు నుంచి వస్తున్నాయో టీచరు రాయాలి. టీచర్లు విసుక్కుంటారు, న్యాయమే. ఇప్పటికే యాప్‌లలో ఫొటోలు ఎక్కించడంతోనే వారికి సరిపోతోంది. కాబట్టి మరో యాప్ వద్దు, ఉన్న ఆరోగ్య కార్డులోనే ఒక గడి చాలు. ఊరికి వచ్చే పీహెచ్‌సీ వైద్యుడు ఆ జాబితా సరిచూసి సంతకం చేసి, గ్రామీణ నీటి సరఫరా ఇంజినీరుకు పంపాలి. జల్ జీవన్ మిషన్ కింద ఊరికి ఐదుగురు మహిళలకు నీటి పరీక్ష నేర్పాలన్న నియమం ఉండనే ఉంది. అనుమానం ఉన్న బోరు నీళ్లు వాళ్లు పరీక్షించి, ఫ్లోరైడ్ లీటరుకు 1.5 మిల్లీగ్రాములు దాటితే ప్రయోగశాలకు పంపవచ్చు.

ముందు చూడాల్సింది బడి వంటగదినే. పిల్లలు తాగడానికి క్యాను నీళ్లు తెప్పించి, అన్నం, పప్పు బోరు నీళ్లతో వండితే సగం పనే అయినట్టు. కాచినంత మాత్రాన ఫ్లోరైడ్ పోదు, నీరు ఇంకేకొద్దీ చిక్కనవుతుంది. కాల్షియం కోసం పోసే రాగిజావ కూడా ఆ నీళ్లతోనే కాస్తే ఏం లాభం?

ఈ ప్రాంతానికి కాలువ నీళ్లు తేవాల్సిన వెలిగొండ ప్రాజెక్టుకు 1996లో శంకుస్థాపన జరిగింది. అప్పుడు పుట్టినవాళ్లు ఈపాటికి తమ పిల్లల్ని బడిలో చేర్చే వయసుకు వచ్చారు. కాలువ నీళ్లు వచ్చేదాకా ఆగితే ఈ పిల్లల పళ్లూ గట్టిపడిపోతాయి. ఈలోగా ఏ బోరు నీళ్లు తాగవచ్చో, ఏవి బట్టలు ఉతకడానికే పనికొస్తాయో తల్లిదండ్రుల సమావేశంలో చదివి వినిపించడానికి ఏ ప్రాజెక్టూ పూర్తికానక్కర్లేదు.