అధ్యక్షులిద్దరు, అడిగేవాళ్ళే లేరు

మా కాలనీకి ఇప్పుడు ఇద్దరు అధ్యక్షులు. ఇద్దరు కార్యదర్శులు, ఇద్దరు కోశాధికారులు, రెండు లెటర్‌హెడ్లు, రెండు రబ్బరు స్టాంపులు. కమ్యూనిటీ హాలు తలుపుకి రెండు తాళాలు. ఒక వర్గం తాళం వేస్తే, దాని పైన ఇంకో గడియ బిగించి రెండో వర్గం ఇంకో తాళం వేసింది. పుట్టినరోజులకీ, పదకొండో రోజు భోజనాలకీ అద్దెకిచ్చి సంఘానికి నాలుగు రూపాయలు తెచ్చిపెట్టే హాలు అది. ఇప్పుడు దాని మెట్ల మీద వీధికుక్కలు పడుకుంటున్నాయి. ఉదయం వాకింగ్‌కి వెళ్ళేవాళ్ళంతా ఆ తాళాలు చూస్తారు. ఎవరో ఫోటో తీసి వాట్సాప్ గ్రూపులో పెట్టారు. దాని కింద కళ్ళనీళ్ళు వచ్చేలా నవ్వే బొమ్మలు వరసగా పడ్డాయి. ఆ బొమ్మలు చూసినప్పుడు నాకు ఒళ్ళు మండింది.

కాలనీ పేరు రాయను. రాస్తే మిగతా కాలనీల వాళ్ళు తమ గొడవ కాదనుకుని పేజీ తిప్పేస్తారు. హైదరాబాద్‌లో ఎల్బీనగర్ నుంచి నిజాంపేట దాకా ఇలాంటి తాళాలు ఎన్ని ఉన్నాయో ఆయా కాలనీల వాళ్ళకే తెలుసు.

గొడవ మొదలైన తీరు చెప్తే సిగ్గేస్తుంది. పాత కమిటీ గడువు అయిపోయింది. ఆదివారం ఉదయం పది గంటలకి జనరల్ బాడీ అని నోటీసు వేశారు. మూడు వందల పైచిలుకు ఇళ్ళు. వచ్చినవాళ్ళు ఇరవై మంది లేరు. కోరం లేదు. చాలా సంఘాల బైలాస్‌లో దీనికో వెసులుబాటు ఉంటుంది. సభ వాయిదా వేసి, అరగంట ఆగి, అదే చోట ఎంతమంది ఉంటే అంతమందితో కానిచ్చేయొచ్చు. అరగంట ఆగారు. టీ తాగారు. ఉన్నవాళ్ళే చేతులెత్తి కమిటీని ఎన్నుకున్నారు. ‘మాకు నోటీసే అందలేదు, ఇది చెల్లదు’ అంటూ తర్వాతి ఆదివారమే ఇంకో వర్గం ఇంకో సభ పెట్టింది. అక్కడా ఇరవై మందే. అక్కడా చేతులెత్తారు. కాలనీకి ఇంకో అధ్యక్షుడు పుట్టాడు. ఆ రెండు ఆదివారాలూ మిగతా రెండు వందల అరవైకి పైగా ఇళ్ళ వాళ్ళు ఎక్కడున్నారు? కొందరు మటన్ షాపు ముందు క్యూలో ఉన్నారు. కొందరు నిద్ర లేవలేదు. కొందరు డాబా మీద నిలబడి ఎవరెవరు వెళ్తున్నారో లెక్కపెట్టుకున్నారు.

ఇంతకీ ఈ పెద్దమనుషులు కొట్టుకునేది నీళ్ళ గురించి అయితే సంతోషించేవాణ్ణి. హాలు అద్దె లెక్క ఎవరి చేతిలో ఉండాలి, వినాయక చవితి మొదటి రోజు పూజలో పీటల మీద ఎవరు కూర్చోవాలి, నిమజ్జనం నాడు లడ్డూ వేలం ఎవరు నడపాలి, అసలు తగాదా ఇదీ. బాలాపూర్‌లో 1994లో 450 రూపాయలతో మొదలైన లడ్డూ వేలం 2025లో 35 లక్షలు పలికింది. అక్కడ ఆ డబ్బుతో ఊరికి పనులు చేసుకుంటారు. మన కాలనీలు వేలాన్ని నేర్చుకున్నాయి గానీ లెక్క చెప్పడం నేర్చుకోలేదు. ఇక అధ్యక్ష పదవి చేతికొస్తే రేపు కార్పొరేటర్ టికెట్ అడగొచ్చన్న ఆశ ఒకటి. ప్యానెల్లో ఎవరి కులంవాళ్ళు ఎంతమంది అన్న లెక్క ఇంకొకటి. ఈ లెక్క మాత్రం నోటీసులు అందనివాళ్ళకి కూడా పక్కాగా తెలుసు.

సరే, చట్టం ఏమంటుంది? ఇలాంటి సంఘాల్లో చాలావరకు 2001 నాటి సొసైటీల రిజిస్ట్రేషన్ చట్టం కింద నమోదైనవే. కొత్త కమిటీ జాబితాని రిజిస్ట్రార్‌కి పంపాలి. రెండు వర్గాలూ పంపాయి. రెండూ ఫైల్లో భద్రంగా ఉన్నాయి. వీటిలో ఏది అసలుదో తేల్చడం రిజిస్ట్రార్ పని కాదు. సంఘంలో తగవొస్తే సభ్యులు మధ్యవర్తిత్వానికైనా వెళ్ళాలి, జిల్లా కోర్టుకైనా వెళ్ళాలని ఆ చట్టంలో 23వ సెక్షన్ చెప్తుంది. నేను చట్టాన్ని తిట్టను. సంఘాన్ని దాని సభ్యులే నడుపుకుంటారు, సర్కారు వేలు పెట్టక్కర్లేదన్న నమ్మకంతో రాశారు దాన్ని. ఆ నమ్మకానికి మనం తగినవాళ్ళమా అన్నదే ప్రశ్న. పది నిమిషాల చేతులెత్తుడుకి రాని మనం ఏళ్ళ తరబడి వాయిదాల చుట్టూ తిరుగుతామా?

ఈలోగా ఇద్దరు అధ్యక్షులూ బ్యాంకుకి ఉత్తరాలు రాశారు. ‘అవతలివాళ్ళు సంతకం పెట్టిన చెక్కులు చెల్లించవద్దు.’ బ్యాంకు ఇద్దరి మాటా విన్నది. ఖాతా ఆపేసింది. కోర్టు కాగితం తెస్తేనే తీస్తామంది. మనం నెలనెలా కట్టిన డబ్బే. ఖాతాలో ఉంది. కానీ పైసా బయటికి రాదు.

ఇక్కడే నా కోపం అసలు మొదలవుతుంది. హాలు వెనక రేకుల గదిలో వాచ్‌మన్ కుటుంబం ఉంటుంది. పాలమూరు వైపు నుంచి వచ్చినవాళ్ళు. ఆయన రాత్రి గేటు దగ్గర, తెల్లారుజామున బోరు మోటారు దగ్గర. ఆమె వీధులు ఊడుస్తుంది, పార్కులో మొక్కలకి నీళ్ళు పోస్తుంది. ఖాతా ఆగిన నాటి నుంచి వాళ్ళకి జీతం లేదు. ‘ఎవల్ని అడగాలె సార్? ఈ సారు ఆ సారును అడుగుమంటడు. ఆ సారు కోర్టును అడుగుమంటడు. కోర్టు ఏడుంటదో నాకేమెర్క?’ అని ఆయన నన్నే అడిగాడు. కిరాణా కొట్టులో ఖాతా నిండిపోయి సరుకులు ఆపేశారు. నూటికి ఐదు రూపాయల వడ్డీకి అప్పు తెచ్చి కూతురి బడి ఫీజు కట్టారు. ఆంబోతుల కొట్లాటలో లేగదూడల కాళ్ళు విరగడమంటే ఇదే.

అయినా రాత్రి పన్నెండింటికి కారు వస్తే గేటు ముందు హారన్ మోగుతూనే ఉంది. ‘వాచ్‌మన్, ఇంకా మోటారు వెయ్యలేదేంటి?’ అని బాల్కనీల నుంచి కేకలు పడుతూనే ఉన్నాయి. జీతం ఎవరివ్వాలో తెలియదంటున్న మూడు వందల ఇళ్ళకీ పని చెప్పే హక్కు మాత్రం బాగా తెలుసు. లెక్క వేసి చూడండి. ఇంటికి యాభై రూపాయలు తీస్తే మూడు వందల ఇళ్ళకి పదిహేను వేలు. నెల జీతానికి సరిపోతుంది. దీనికి అధ్యక్షుడు అక్కర్లేదు, తీర్మానం అక్కర్లేదు, కోర్టు అసలే అక్కర్లేదు. ఆ యాభై రూపాయలు గ్రూపులో అడిగితే వచ్చిన మొదటి జవాబు ఏమిటో తెలుసా? ‘అది అసోసియేషన్ చూసుకోవాలి కదండీ.’ ఏ అసోసియేషన్ అయ్యా?

‘నేను సైతం’ అని పోలీసులు పిలిస్తే ఉత్సాహంగా చందాలేసుకుని వీధివీధికీ కెమెరాలు పెట్టించుకున్నాం. వాటి నిర్వహణ ఒప్పందం ముగిసింది. పొడిగించడానికి సంతకం ఎవరిది? ఎవరిదీ కాదు. నాలుగో వీధిలో ఒక పెద్దావిడ మెడలో గొలుసు లాక్కుపోయారు. పోలీసులు వచ్చి ఫుటేజీ అడిగితే చూపించడానికి దుమ్ము పట్టిన పెట్టె తప్ప ఏమీ లేదు. ఆ సాయంత్రం రెండు వర్గాలూ ఆమెని విడివిడిగా పరామర్శించి, ఫోటోలు దిగి, తప్పు అవతలివాళ్ళదేనని విడివిడిగా చెప్పి వెళ్ళారు.

పార్కు మూలన ఒక గోడ లేచింది. 2024 జూలైలో ఆక్రమణలు తొలగించే హైడ్రా సంస్థ వచ్చాక పార్కులూ రోడ్లూ పోయిన కాలనీల వాళ్ళు లేఅవుట్ కాగితాలు పట్టుకుని సోమవారం ప్రజావాణికి వెళ్తున్నారు. మనమూ వెళ్ళొచ్చు. కానీ అసలు లేఅవుట్ ప్లాన్ ఒక అధ్యక్షుడి బీరువాలో ఉంది, మినిట్స్ పుస్తకం ఇంకో అధ్యక్షుడి బీరువాలో ఉంది. ఆ రెండు బీరువాలూ కలిసేలోగా గోడకి రంగు కూడా వేసేస్తారు.

అన్నిటికంటే భయం నాలా గురించి. 2020 అక్టోబర్ 13 రాత్రి ఇక్కడున్నవాళ్ళెవరూ మర్చిపోలేదు. ఘట్కేసర్ వైపు ఒక్కరోజులో 32 సెంటీమీటర్ల వాన పడింది. పాతబస్తీ వైపు అల్ జుబైల్ కాలనీ, టోలీచౌకీ దగ్గర నదీం కాలనీ రోజుల తరబడి నీళ్ళలో ఉన్నాయి. మన వీధుల్లో నడుం లోతు నీళ్ళొచ్చినప్పుడు ట్రాక్టరు తెచ్చి, మంచం పట్టిన ముసలివాళ్ళని ఎత్తుకొచ్చి ఆ హాల్లోనే పడుకోబెట్టింది ఈ సంఘమే. హాలు తాళం ఎవరి దగ్గరుందని ఆ రాత్రి ఎవరూ అడగలేదు. ఈసారి వానలకి ముందు నాలా పూడిక తీయించమని రెండు వర్గాలూ రెండు అర్జీలు పెట్టాయి. ఒకరు కల్వర్టు దగ్గర మొదలుపెట్టమన్నారు, ఇంకొకరు పై నుంచి రమ్మన్నారు. ‘ముందు మీరంతా ఒక మాట మీదకి రండి’ అని ఇంజనీరు రెండు అర్జీలూ పక్కన పెట్టాడు. ఆయనకి అంతకంటే మంచి సాకు మనమే చేతికిచ్చాం.

కొట్టుకుంటున్న నలభై మంది మీద నాకు అంత కోపం లేదు. ఎందుకో ఒకందుకు వాళ్ళు ఆదివారం పొద్దున్నే లేచి వచ్చారు. రానివాళ్ళ సంగతి అడగాలి. సభ్యుల్లో కొంతమంది సంతకాలు పెట్టి అడిగితే ప్రత్యేక జనరల్ బాడీ పిలవాలని మన బైలాస్‌లోనే ఉంది. ఆ కాగితం పట్టుకుని ఇల్లిల్లూ తిరుగుతున్నాను. ప్రతి ఇంట్లోనూ మర్యాద బాగానే చేశారు. కాఫీ ఇచ్చారు. కాగితం బయటికి తీయగానే ముఖాలు మారాయి. ‘ముందు ఎవరెవరు పెట్టారో చూపించండి’ అన్నాడు ఒకాయన. ‘అటువైపు వాళ్ళు మావాళ్ళండీ, బాగుండదు’ అన్నాడు ఇంకొకాయన. వందల మంది ఉద్యోగుల సర్వీసు తగాదాలు తీర్చి రిటైరైన అధికారి ‘ఈ రాజకీయాలు నాకు పడవు’ అన్నాడు. డాలస్‌లో ఉన్న ఓనర్‌కి మెసేజ్ పెడితే బొటనవేలు బొమ్మ వచ్చింది. ఆ వేలు ఏ వర్గం వైపో అర్థం కాలేదు.

ఇల్లు ఎవరి పేరున ఉంటే వాళ్ళకే ఓటు. అందుకని మోటారు ఎప్పుడు వెయ్యాలో, ట్యాంకర్ ఏ రోజు వస్తుందో, ఏ మ్యాన్‌హోల్ మూత కదులుతోందో తెలిసిన ఆడవాళ్ళలో సగం మందికి పైగా ఓటు లేదు. అద్దెకున్నవాళ్ళకి అసలే లేదు, మెయింటెనెన్స్ మాత్రం వాళ్ళూ కడతారు. ఆ వాచ్‌మన్ పిల్లకి రోజూ రాత్రి అన్నం పంపిస్తున్నది మూడో వీధిలో అద్దెకుంటున్న ఇల్లాలు. ఆమె సంతకం పెడతానని తనంతట తానే వచ్చి అడిగింది. ‘మీది చెల్లదమ్మా’ అని నా నోటితోనే చెప్పాల్సివచ్చింది. చెల్లే సంతకాలున్న మహానుభావులేమో తలుపులు వేసుకు కూర్చున్నారు.

ఇంకా నలభై ఏడు సంతకాలు కావాలి. రేపు సాయంత్రం ఆరో వీధికి వస్తున్నాను. లోపల టీవీ మోగుతుండగా ‘డాడీ ఇంట్లో లేరంకుల్’ అని మాత్రం పిల్లల చేత చెప్పించకండి.