కారు తలుపు అట్టను బాగుచేసేదెవరు?



పరీక్షలకు పట్టుకెళ్ళే అట్ట మీలో చాలామంది దగ్గర ఉంటుంది. పైన క్లిప్పు, ఒకవైపు నున్నగా, రెండోవైపు జల్లెడ అచ్చు గుద్దినట్టు గరుకుగా ఉండే ఆ గోధుమరంగు అట్ట ఎప్పుడైనా వానలో తడిసిందా? తడిసి ఉంటే దాని అంచు ఎలా ఉబ్బుతుందో మీకు తెలుసు. ఎండలో పెట్టినా అది మళ్ళీ మునుపటి మందానికి రాదు. దాన్నే హార్డ్‌బోర్డు అంటారు. పాత కార్ల తలుపులకు లోపలివైపు, రెక్సిన్ తొడుగు కింద ఉండేది కూడా అదే. యాభై ఏళ్ళు దాటేదాకా ఈ సంగతి నాకు తెలియదు. సైన్సు మాస్టారిని అయి ఉండీ తెలియదు.

మా మేనమామ వాడిన 1982 నాటి పద్మినీ కారు నా చేతికి వచ్చాకే తెలిసింది. ఈ కారు మూలం ఇటలీ. అక్కడి ఫియట్ కంపెనీ వారి 1100 నమూనాను బొంబాయి కుర్లాలోని ప్రీమియర్ ఆటోమొబైల్స్ వారు 1964 నుంచి ‘డిలైట్’ అనే పేరుతో తయారుచేశారు. తరవాత అది ప్రీమియర్ పద్మిని అయింది. కొత్త శతాబ్ది మొదట్లో తయారీ ఆగిపోయింది. ముంబయిలో టాక్సీలుగా మిగిలిన చివరి పద్మినీలు కూడా 2023 అక్టోబరులో సెలవు తీసుకున్నాయి. కాబట్టి తలుపు అట్టలు కావాలంటే దుకాణానికి వెళ్ళి కొనుక్కుందామన్నా సులభంగా దొరకవు. చేసిపెట్టేవాళ్ళను వెతుక్కోవాలి. (అంత పాత కారంటే ‘వింటేజ్’ కదా అంటారేమో. 2021లో వచ్చిన నిబంధనల ప్రకారం మొదటి రిజిస్ట్రేషను నాటి నుంచి 50 ఏళ్ళు దాటితేనే ఆ గౌరవం. మా బండికి ఇంకా టైముంది.)

నాలుగు తలుపుల అట్టలూ కింది అంచున ఉబ్బిపోయాయి. పైన రెక్సిన్ పగుళ్ళు తేలి, ముట్టుకుంటే అప్పడంలా విరుగుతోంది. మా ఊళ్ళో సీటు కవర్లు కుట్టే ఒక షాపుకు తీసుకెళ్ళాను. “రెండు గంటల్లో కొత్తవి వేసేస్తాం మాస్టారూ” అన్నాడు అక్కడి కుర్రాడు. డ్రైవరు వైపు తలుపులోకి స్క్రూడ్రైవరు దోపి ఒక్క పెట్టున పెకలించాడు. క్లిప్పులు పట్టే చిల్లులన్నీ చిరిగిపోయాయి. నేను భోజనం చేసి వచ్చేసరికి పాత అట్ట చెత్తబండిలో వెళ్ళిపోయింది. దాని బదులు మందపాటి ప్లైవుడ్ ముక్క కోసి పెట్టారు. అద్దం దించే హాండిల్ దానికి రాసుకుని తిరగనే లేదు. తప్పు ఆ కుర్రాడిదే అనను. పాత అట్ట దాచమని ముందే చెప్పవలసింది నేను. ఆ అట్టకు మామయ్య సొంతంగా బిగించుకున్న ఒక చిన్న రెక్సిన్ సంచి ఉండేది. ఆయన పల్లెల్లో వైద్యం చేసేవారు. రాత్రివేళ ఎవరైనా పిలిస్తే చేత్తో తడిమి తీసుకునేలా టార్చిలైటు అందులో పెట్టుకునేవారు. ఆ సంచి కూడా అట్టతోపాటే పోయింది.

ఆ దెబ్బతో నాకు ఒక అభిప్రాయం ఏర్పడింది. అదే మీతో చెప్పాలని ఈ వ్యాసం. పాత వస్తువును బాగుచేయించాలంటే “ఎంత తీసుకుంటావు, ఎప్పటికిస్తావు” అని మనం అడగడం తరవాత సంగతి. “ఇది ఎందుకు పాడైంది” అని మనల్ని అడిగేవాడు దొరికేదాకా ఆగాలి.

నాకు అలాంటాయన విజయవాడ ఆటోనగర్‌లో దొరికాడు. లారీలకు, బస్సులకు బాడీలు కట్టే షెడ్ల మధ్య చిన్న రేకుల పాక. అరవై దాటిన మేస్త్రీ. చాలాకాలం బస్సు సీట్లు కుట్టాడట. నా అట్టల వైపు చూడనైనా చూడకుండా, “తలుపులో నీళ్ళు ఎటు పోతున్నాయో చూశారా మాస్టారూ?” అని అడిగాడు. చూడలేదన్నాను. ఒక మగ్గు నీళ్ళు తెచ్చి, మూసి ఉన్న కిటికీ అద్దం మీద పోశాడు.

ఇక్కడ కాస్త ఆగి ఆలోచించండి. కిటికీ అద్దం తలుపులోకి దిగాలంటే పైన సందు ఉండాలి. ఆ సందుకు రబ్బరు పట్టీ ఉన్నా కొంత వాననీరు లోపలికి జారక మానదు. కారు తయారుచేసినవాళ్ళకు ఇది తెలుసు. అందుకే నీళ్ళు రాకుండా చేయాలని పంతం పట్టలేదు. వచ్చిన నీళ్ళు బయటికి పోయేలా తలుపు అడుగున చిల్లులు పెట్టారు. రేకుకూ అట్టకూ మధ్య నీటిని ఆపే ఒక పల్చని షీటు అంటించారు. మా కారు చిల్లులు నలభై ఏళ్ళ మట్టితో పూడిపోయాయి. షీటు ఎవరో ఎప్పుడో చింపేశారు. మగ్గెడు నీళ్ళూ తలుపు అడుగునే నిలిచిపోయాయి. అట్ట కింది అంచు ఆ తడిని దీపంలో వత్తి నూనెను పీల్చినట్టు పైకి పీల్చుకుంటోంది. మీ పాఠంలో కేశనాళికీయత అని చదువుకున్నది ఇదే. మేస్త్రీ ఒక తీగ ముక్కతో చిల్లులు పొడిచాడు. బురదనీళ్ళు బుడబుడమని కారిపోయాయి. ఆ పని చేయకుండా ఎంత మంచి అట్ట వేసినా రెండు వానాకాలాల్లో మళ్ళీ ఇదే గతి పట్టేది.

అట్ట ఉబ్బితే తిరిగి అణగదెందుకు? దాని తయారీలోనే జవాబుంది. అమెరికాలో విలియం మేసన్ అనే ఆయన 1924లో కొయ్యముక్కలను అధిక పీడనంలో ఆవిరి పట్టించి, ఆ పీడనాన్ని ఒక్కసారిగా వదిలే పద్ధతి కనిపెట్టాడు. కొయ్య పేలిపోయి నారలుగా విడిపోతుంది. ఆ నారలను వేడిచేసి బలంగా అదిమితే, కొయ్యలో సహజంగా ఉండే లిగ్నిన్ అనే పదార్థమే జిగురులా పట్టి పలక తయారవుతుంది. నారలు అందులో నొక్కిపెట్టిన స్ప్రింగుల్లా ఉంటాయనుకోండి. నీరు తగలగానే ఉబ్బి, జిగురు పట్టు విడిపించుకుంటాయి. నీరు ఆరిపోయినా విడిపోయిన పట్టు తిరిగి రాదు. మీ పాత పరీక్ష అట్ట ముక్కను ఒక సెంటీమీటరు నీళ్ళలో రాత్రంతా నిలబెట్టి, ముందూ తరవాతా మందం కొలవండి. వెర్నియర్ కాలిపర్సు మీ బడిలో ఉండే ఉంటుంది. మూడోసారి బాగా ఎండబెట్టాక కొలవండి. ఆ మూడో అంకె ముఖ్యం.

రెక్సిన్ సంగతి వేరు. రెక్సిన్ అన్నది నిజానికి ఇంగ్లండులోని ఒక కంపెనీ పెట్టుకున్న వ్యాపారనామం. మొదట్లో బట్ట మీద సెల్యులోజ్ నైట్రేట్ పూసి చేసేవారు. ఇప్పుడు మనం రెక్సిన్ అంటున్నది చాలావరకు పీవీసీ పూసిన బట్ట. పీవీసీ అంటే మీ ఇంటి నీళ్ళ పైపే! స్వతహాగా అది గట్టి పదార్థం. 1926లో వాల్డో సెమన్ అనే రసాయన శాస్త్రవేత్త రబ్బరును లోహానికి అంటించే జిగురు కోసం వెతుకుతూ, పీవీసీని ఎక్కువ మరుగు స్థానం గల ద్రవాలతో కలిపి వేడిచేశాడు. జిగురు రాలేదు కాని, మెత్తగా వంగే పదార్థం వచ్చింది. నూనె వంటి ఆ ద్రవం పొడవాటి అణువుల మధ్య దూరి, అవి ఒకదానిపై ఒకటి జారేలా చేస్తుంది. ఎండలో నిలిపిన కారులో అది ఏళ్ళతరబడి మెల్లగా ఆవిరైపోతుంది. మూసి ఉంచిన కారు అద్దానికి లోపలివైపు పట్టే జిడ్డుపొరలో కొంత దానిదే. అది పోయేకొద్దీ రెక్సిన్ తన పైపు స్వభావానికి తిరిగి వస్తుంది. కొబ్బరినూనె రాస్తే మెత్తబడుతుందని నాకు నలుగురు చెప్పారు. నేనూ రాశాను. దుమ్ము అంటుకుంది, అంతే.

మేస్త్రీ నిజాయితీ నాకు నచ్చింది ఇంకోచోట. పాత అట్టల మీద దారం లేకుండానే నిలువు గీతలు, వాటి మధ్య మెత్తటి ఉబ్బులు ఉంటాయి. “ఇలాంటి గీతలు నేను వేయలేనండీ. ఇవి కుట్టినవి కావు, కరిగించి అంటించినవి. ఆ మిషను నా దగ్గర లేదు” అన్నాడు. వచ్చునని చెప్పి డబ్బు తీసుకునేవాళ్ళు ఎందరో! అసలు ఆ గీతలు ఎలా పడతాయంటే, పీవీసీ అణువులో కార్బన్‌ను అంటిపెట్టుకుని ఉన్న క్లోరిన్ పరమాణువు ఎలక్ట్రాన్లను తనవైపు లాక్కుంటుంది. దాంతో ఒకచోట కొద్దిగా రుణావేశం, మరోచోట ధనావేశం ఏర్పడతాయి. సెకనుకు సుమారు 2 కోట్ల 70 లక్షల ఆవర్తనాలతో దిశ మార్చే విద్యుత్ క్షేత్రంలో పెడితే, అటూ ఇటూ తిరగబోయి తిరగలేక పదార్థం లోలోపలే వేడెక్కుతుంది. లోహపు అచ్చు నొక్కిన చోట మాత్రమే పొరలు కరిగి కలిసిపోతాయి. పాలిథీన్‌లో ఇలాంటి ఆవేశాల తేడా లేదు కనుక అది ఈ పద్ధతికి లొంగదు. అయితే ఒక్కొక్క డిజైనుకు ఒక్కొక్క అచ్చు కావాలి. నాలుగు తలుపుల కోసం అచ్చు ఎవరు పోస్తారు?

కనుక కుట్టడమే గతి. కుట్టులోనూ శాస్త్రం ఉంది. సూది పడ్డ ప్రతిచోటా చిల్లే. చిల్లులు దగ్గరదగ్గరగా పడితే తపాలా బిళ్ళ చుట్టూ ఉండే వరసలా అక్కడే చిరుగుతుంది. అందుకే మేస్త్రీ కుట్టుకూ కుట్టుకూ ఎడం పెంచాడు. అంటించేటప్పుడు సొల్యూషన్ రెండు ముఖాలకూ పూసి, వేలు పెడితే అంటీ అంటనట్టు ఉండేదాకా ఆగాడు. తొందరపడితే ద్రావణి లోపలే చిక్కుకుని, ఎండకు బుడగలుగా లేస్తుందట. (ఆ సొల్యూషన్‌లో టోలీన్ వంటి ద్రావణులు ఉంటాయి. దాని వాసన పీల్చడం ప్రమాదం. తలుపులు మూసిన గదిలోనూ, నిప్పు దగ్గరా ఆ డబ్బా మూత తీయకండి.)

పారేసిన డ్రైవరు తలుపు అట్ట మాటేమిటి? నేను దిగులుపడుతుంటే ఆయన నవ్వాడు. “కుడిది లేకపోతే ఏముందండీ, ఎడమదాన్ని తిరగేసి గీద్దాం.” పార్శ్వ విలోమం గురించి ముప్ఫై ఏళ్ళుగా అద్దం చూపించి పాఠం చెబుతున్న నాకు ఆ ఆలోచన తట్టలేదు!

ఇంత తెలిసిన మనిషి దగ్గర ఇప్పుడు పని నేర్చుకునేవాడు ఒక్కడూ లేడు. ఇవేవీ ఆయన కాగితం మీద పెట్టలేదు. ఇందులో మా ఉపాధ్యాయుల పాలు కూడా ఉంది. మా బడి టైంటేబిల్‌లో ‘పని అనుభవం’ అని ఒక పీరియడు ఉండేది. దాన్ని నేను ఏటా భౌతికశాస్త్రం సిలబస్ పూర్తిచేయడానికి వాడుకున్నాను. చేతిపనికి తెలివి అక్కర్లేదని పైకి ఎన్నడూ అనలేదు. ఆ పీరియడు లాక్కోవడమే ఆ మాట అనడం. అలాంటి మేస్త్రీని నెలకొకసారి తరగతికి పిలిచి, ఇచ్చే గౌరవం, పారితోషికం ఇచ్చి, ఒక తలుపు ముందు నిలబెట్టాలని నేనంటాను. మా స్టాఫ్ రూములో ఈ మాట అంటే ఒక మిత్రుడు, “పొగ కక్కే పాత బండికి ఇంత సేవా?” అన్నాడు. పొగ మాట నిజమే. నేటి కార్లలో పొగను శుద్ధిచేసే పరికరం దీనికి లేదు. అందుకే నెలకు ఒకటి రెండుసార్లే బయటికి తీస్తాను. కాని నేటి కార్లలో తలుపు లోపలి భాగం చాలావరకు అచ్చుపోసిన ఒకే ప్లాస్టిక్ ముక్క. విరిగితే మొత్తం మార్చమంటారు. దాన్ని విప్పి పిల్లలకు ఏం చూపించను?

మూడు తలుపులు పూర్తయ్యాయి. మిగిలిన పాత అట్టలు మూడింటినీ కాగితం మీద పెట్టి గీసి, కొలతలు రాసి దాచాను. డ్రైవరు తలుపుకు కొత్త అట్ట కోసి, రెక్సిన్ అంటించి ఉంచాడు మేస్త్రీ. అద్దంలో ఎంత తిరగేసినా దొరకనిది మామయ్య సంచి ఒక్కటే. అది ఎక్కడ ఉండేదో నాకు సరిగా గుర్తు లేదు. మా అత్తయ్య దగ్గర ఒక పాత ఫోటో ఉందట, కారు తలుపు తెరిచి ఉండగా తీసింది. అది వచ్చేదాకా చిల్లులు వేయవద్దని చెప్పి వచ్చాను.