నర్సమ్మ విసుగు వెనుక

పెద్దాసుపత్రికి వెళ్లివచ్చిన మన పల్లె జనం నోట తరచుగా వినిపించే మాట: "డాక్టరు బాగానే చూశాడు గాని, ఆ నర్సమ్మే కసురుకుంది." ఇందులో నిజం లేకపోలేదు. అయితే ఆమె ఆ పూట ఎన్ని పడకలు చూస్తున్నదో లెక్కబెట్టిన వారెందరు?

సాధారణ ఆసుపత్రి వార్డులో అయిదు పడకలకు, బోధనాసుపత్రిలో మూడింటికి ఒక నర్సు ఉండాలన్నది ఇండియన్ నర్సింగ్ కౌన్సిల్ నిబంధన. రాత్రిపూట ముప్పై పడకల మధ్య ఒక్కరే తిరుగుతుండడం మనం చూడని దృశ్యం కాదు. ఒక మూల సెలైను అయిపోతుంది, మరో మూల బాలింత మూలుగుతుంది, ఇంతలో పాము కరిచినవాణ్ణి ఆటోలో దించుతారు. రిజిస్టర్లు రాయాలి, మందుల లెక్క చెప్పాలి. దుప్పటి పోయినా ఆమెనే అడుగుతారు!

జీతమొక్కటే అసంతృప్తికి కారణమనుకుంటే పొరపాటు. పర్మనెంటు నర్సు బాధ రాత్రి డ్యూటీ, దొరకని సెలవు, ఏళ్ల తరబడి రాని ప్రమోషను. కాంట్రాక్టు నర్సుకు ఇవన్నీ ఉండగా జీతం కూడా తక్కువే. సమాన పనికి సమాన వేతనం తాత్కాలిక ఉద్యోగులకూ వర్తిస్తుందని సుప్రీంకోర్టు 2016 అక్టోబరులోనే తీర్పు చెప్పింది. యాభై పడకల లోపు ప్రైవేటు ఆసుపత్రిలోనైనా నర్సుకు నెలకు 20,000 రూపాయలకు తగ్గరాదని కేంద్ర కమిటీ సిఫారసు చేసిందీ ఆ ఏడాదే. సిఫారసు కాగితం చూపి యజమానిని నిలదీయగల అమ్మాయి మన పట్టణాల్లో ఉంటుందా?

మర్యాద సంగతి మరొకటి. రోగం నయమైతే డాక్టరు హస్తవాసి, ప్రాణం పోతే నర్సు నిర్లక్ష్యం! మే 12న నర్సుల దినోత్సవమని పూలిచ్చి ఫొటోలు తీయించుకునే పెద్దలు మర్నాడు అదే వార్డులో "ఏయ్ సిస్టర్" అని కేకలేస్తారు. ఊరి నుంచి పదిమంది వెళ్లి మీదపడడమూ ఉంది. ఆసుపత్రి సిబ్బందిపై దాడి చేస్తే 2008 నాటి ఆంధ్రప్రదేశ్ చట్టం ప్రకారం మూడేళ్ల దాకా జైలుశిక్ష పడవచ్చునని మన కుర్రవాళ్లు తెలుసుకోవాలి.

ఖాళీల భర్తీ ప్రభుత్వం పని. ప్రసూతి సెలవుపై వెళ్లిన నర్సు స్థానంలో మరొకరిని వేయవలసిందీ పైవారే. కాని రాత్రి డ్యూటీ వారికి లోపల గడియ ఉన్న గది, నీళ్లు వచ్చే మరుగుదొడ్డి, గేటు దాకా దీపాలు, ఒక కావలి మనిషి — వీటికి రాజధాని దాకా పోనక్కరలేదు. ఆసుపత్రి అభివృద్ధి సంఘం తదుపరి సమావేశంలో మన ప్రతినిధులు ముందుగా అడగవలసినవి ఈ నాలుగే.