తప్పు చెవిది కాదు

ఆ మధ్య మా మేనల్లుడు తన ఎలక్ట్రిక్ గిటారుకు సన్నని తీగలు తీసివేసి లావు సెట్టు వేశాడు. మొదటి తీగ 0.010 అంగుళం నుంచి 0.013 అంగుళానికి మారింది. విడి తీగలన్నీ ట్యూనరు మీద సరిగ్గానే నిలిచాయి. కాని చెయ్యి బ్రిడ్జి వైపు వెళ్ళేకొద్దీ అపస్వరం వినిపిస్తోందని వాడంటే, "నీకింకా శ్రుతిజ్ఞానం కుదరలేదురా" అని పెద్దరికం వెలగబెట్టాను. వాడు వారం రోజులు గిటారు ముట్టుకోలేదు. తీరా చూస్తే, వాడి చెవే నిజం చెప్పింది.

వీణ మోగే ఇంట్లో పెరిగిన నాకు ఇది తట్టకపోవడం సిగ్గుచేటు. వీణ మెట్లు మైనంలో నిలిచి ఉంటాయి. స్వరస్థానం తప్పితే మేళం మళ్ళీ కట్టించుకుంటాం. గిటారు మెట్లు కొయ్యలోకి దిగగొట్టినవి, కదలవు. కనుక కదలవలసింది తీగ కొసను మోసే శాడిల్.

లావు తీగకు బిరుసు ఎక్కువ. కొసల దగ్గర అది స్వేచ్ఛగా ఊగదు. ఉన్న పొడవుకన్నా పొట్టి తీగలా పలుకుతుంది. పైగా బిగువు పెరిగి మెడ వంగుతుంది, తీగ ఎత్తవుతుంది, నొక్కినప్పుడు మరింత సాగి స్వరం హెచ్చుతుంది.

అందుచేత ముందుగానే శాడిల్ మరలు తిప్పడం పొరపాటని నా అభిప్రాయం. మొదట ట్రస్ రాడ్‌తో మెడను, ఆపైన తీగల ఎత్తును సరిచేయాలి. నట్ గాడిలోకి లావు తీగ దిగకుండా పైనే కూర్చుంటే మొదటి మెట్లలోనే స్వరం హెచ్చుతుంది. గాడిని వెడల్పు చేయించాలి. శాడిల్ వంతు ఆ తరువాతే. 12వ మెట్టుకు సరిగ్గా పైన తీగకు వేలు తాకీ తాకనట్లు ఉంచి మీటితే వచ్చే హార్మోనిక్‌ను, అదే మెట్టు దగ్గర నొక్కి మీటిన స్వరంతో పోల్చాలి. నొక్కిన స్వరం హెచ్చుగా ఉంటే శాడిల్‌ను వెనక్కి, తగ్గుగా ఉంటే ముందుకు జరపాలి. జరిపిన ప్రతిసారీ తీగను మళ్ళీ శ్రుతి చేయాలి.

ఇంత చేసినా కొంత మిగులుతుంది. గిటారు మెట్లు సప్తకాన్ని 12 సమభాగాలు చేస్తాయి. అందులో అంతర గాంధారం 400 సెంట్లు. సహజ గాంధారం సుమారు 386. ఆ 14 సెంట్ల తేడాను ఏ మరా తీర్చలేదు. దానిని వినగలిగిన చెవిని మెచ్చుకోవాలి గాని మందలించరాదు.

ఒక సాయంత్రం కూర్చుని ఇద్దరం ఈ పనులన్నీ చేశాం. వాడు మళ్ళీ వాయిస్తున్నాడు. నేర్చుకునేవాడు అపస్వరం ఉందన్నప్పుడు ముందు వాద్యాన్ని పరీక్షించాలని నేనిప్పుడు నేర్చుకున్నాను.