కూడలిలో ముందెవరు, ఆగవలసినదెవరు?
సరిహద్దు గ్రామాల ప్రజలు తెలుసుకోవలసిన మలుపు నియమాలు

జాతీయ రహదారులు విస్తరించిన తరువాత మన సరిహద్దు గ్రామాల భౌగోళిక స్వరూపమే మారిపోయినది. బాగేపల్లి మీదుగా హోసూరు, శూలగిరి, కృష్ణగిరి వైపు సాగే 44వ నంబరు రహదారిని చూడండి. ఇచ్ఛాపురం నుండి బరంపురం వైపు, తడ నుండి గుమ్మిడిపూండి వైపు సాగే 16వ నంబరు రహదారిని చూడండి. ఒకనాడు ఊరి ముందరి బాట అనుకున్నది నేడు నాలుగు వరుసల మహామార్గమైనది. ఆ మార్గంలోనికి ఊరి దారి కలిసే ప్రతి చోటూ ఒక కూడలిగా మారినది. కూడలి ఏర్పడినది కాని, అక్కడ ముందు ఎవరు కదలాలి, ఎవరు ఆగాలి అనే జ్ఞానం మాత్రం ఊరికి చేరలేదు.

కేంద్ర రవాణా మంత్రిత్వ శాఖ నివేదిక ప్రకారం 2022లో దేశంలో 4,61,312 రోడ్డు ప్రమాదాలు జరిగి 1,68,491 మంది మరణించారు. మృతులలో సుమారు 44 శాతం మంది ద్విచక్ర వాహనాలపై ప్రయాణించినవారు, 19 శాతానికి పైగా పాదచారులు. పాలకేంద్రానికి మోపెడ్‌పై వెళ్లే రైతు, బడికి నడిచి వెళ్లే బాలిక, సంతకు వెళ్లే అవ్వ ఈ వర్గాలకు చెందినవారే. ఆ సంవత్సరం ప్రమాదాల సంఖ్యలో ప్రథమ స్థానం తమిళనాడుది. కావున ఇది ఎక్కడో మహానగరాలకు సంబంధించిన విషయమని ఉపేక్షించరాదు.

చట్టం ఏమి చెబుతున్నది?

1988 మోటారు వాహనాల చట్టంలోని 118వ సెక్షన్ కింద వాహన చోదనకు నిబంధనలు చేసే అధికారం కేంద్ర ప్రభుత్వానికి ఉన్నది. ఆ అధికారంతో 1989లో రహదారి నియమాలు వెలువడినాయి. వాటి స్థానంలో 2017 జూన్‌లో కొత్త చోదక నిబంధనలు వచ్చినాయి. ఇవి కేంద్ర నిబంధనలు. హోసూరులో ఒకటి, కుప్పంలో ఒకటి, బళ్ళారిలో మరొకటి అనే భేదం వీటికి లేదు.

మలుపులకు, కూడళ్లకు సంబంధించిన ముఖ్య సూత్రాలను ఇలా చెప్పుకోవచ్చును.

ఒకటి: పోలీసు గాని, సిగ్నల్ దీపం గాని ఉన్న చోట వారి ఆజ్ఞయే ప్రధానం. తక్కిన సూత్రాలన్నీ అవి లేని చోట వర్తిస్తాయి.

రెండు: చిన్న దారి నుండి ప్రధాన రహదారిలోనికి ప్రవేశించేవాడు ఆ రహదారిపై సాగుతున్న వాహనాలకు దారి ఇవ్వాలి.

మూడు: ఏది ప్రధాన రహదారియో నిర్ణయం లేని సమానమైన దారుల కూడలిలో, తన కుడి చేతి వైపు నుండి వచ్చే వాహనానికి దారి ఇవ్వాలి.

నాలుగు: మలుపు తిరిగేవాడు నేరుగా సాగేవాడికి దారి ఇవ్వాలి. ముఖ్యంగా కుడివైపు తిరిగేవాడు, ఎదురుగా నేరుగా వచ్చే వాహనం దాటిపోయేవరకు ఆగాలి.

అయిదు: వృత్తాకార కూడలిలో, అనగా రౌండ్‌అబౌట్‌లో, అప్పటికే లోపల తిరుగుతున్న వాహనానిదే ప్రాధాన్యం. కొత్తగా ప్రవేశించేవాడు నిరీక్షించాలి.

ఆరు: జీబ్రా గీతల వద్ద పాదచారికి ప్రాధాన్యం. అంబులెన్సుకు, అగ్నిమాపక వాహనానికి అందరూ పక్కకు తొలగి దారి ఇవ్వాలి.

ఈ సూత్రాల వెనుక ఉన్న తర్కం

కంఠస్థం చేసిన నియమం కన్నా కారణం తెలిసిన నియమం చిరకాలం నిలుస్తుంది. మన దేశంలో ఎడమవైపున నడుస్తాము. కావున ఎడమకు తిరిగే వాహనం ఎవరి దారికీ అడ్డుపడకుండా అంచు వెంట జారుకొనగలదు. కుడికి తిరిగే వాహనం మాత్రం ఎదురు ప్రవాహాన్ని అడ్డంగా కోసుకొని వెళ్లాలి. ప్రవాహాన్ని కోసేవాడే అపాయాన్ని సృష్టిస్తాడు గనుక ఆగవలసిన బాధ్యత కూడా అతనిదే.

కుడివైపు వానికి దారి ఇవ్వడంలోనూ ఇటువంటి హేతువే ఉన్నది. ఎడమవైపున నడిచే మనము అడ్డదారిని దాటేటప్పుడు మొదట కలిసేది కుడి నుండి వచ్చే ప్రవాహమే. రౌండ్‌అబౌట్‌లో వాహనాలు గడియారపు ముల్లు తిరిగే దిశలో తిరుగుతాయి. కనుక లోపల తిరిగే వాహనం ప్రవేశించేవాడికి ఎప్పుడూ కుడి నుండే వస్తుంది. అందుచేత మూడవ సూత్రాన్ని గ్రహించినవాడికి అయిదవ సూత్రాన్ని వేరుగా నేర్పనక్కరలేదు.

కుడికి తిరిగే విధానాన్ని కూడా గమనించాలి. మొదట అద్దంలో చూసి, ఇండికేటర్ వేసి, క్రమంగా రోడ్డు మధ్యభాగానికి చేరాలి. కూడలి మధ్యబిందువు తన కుడిచేతి వైపు ఉండునట్లు దానిని దాటి తిరిగి, చేరబోయే దారిలో ఎడమ భాగాన్ని పట్టుకోవాలి. మన ఊళ్లలో చాలామంది మధ్యబిందువుకు ముందే అడ్డంగా కోసి, ఎదురుగా వచ్చే బండి ముక్కు మీదికి వెళుతున్నారు. ఇంకా కొందరు ఎడమ అంచున సాగుతూ సాగుతూ, ఒక్కసారిగా కుడికి తిరుగుతారు. వెనుక నుండి వచ్చే లారీ చోదకుడికి ఆ ఉద్దేశం ముందుగా తెలిసే ఉపాయమేదీ లేదు.

లెక్క వేసి చూద్దాం

నాలుగు వరుసల రహదారిపై కార్లకు గంటకు 100 కిలోమీటర్ల వరకు గరిష్ఠ వేగాన్ని 2018లో కేంద్రం నిర్ణయించినది. ఆ వేగంతో వచ్చే కారు సెకనుకు సుమారు 28 మీటర్లు సాగుతుంది. చెరకు నింపిన ట్రాలీతో ఒక ట్రాక్టరు రహదారి ఒక భాగాన్ని దాటడానికి 8 సెకన్లు పడుతుందనుకుందాం. ఆ 8 సెకన్లలో కారు దాదాపు 220 మీటర్లు వచ్చేస్తుంది. అంటే రెండు ఫర్లాంగులలో సగానికి పైగా దూరంలో చిన్న చుక్కవలె కనిపించిన కారు, ట్రాలీ దాటేలోపు దాని మీదికి వచ్చి ఉంటుంది. “దూరంగానే ఉన్నదిలే” అనే మాట ఎద్దులబండి కాలానిది. ఆ కంటి అంచనా ఈ రహదారికి చాలదు. రాత్రివేళ ట్రాలీ వెనుక ఎర్రని ప్రతిఫలన పట్టీ కూడా లేకపోతే కారు నడిపేవాడికి ఆ 220 మీటర్లు సైతం దక్కవు.

సంకేతాల గందరగోళం

నియమం తెలిసినా సంకేతాలు కలవకపోతే ప్రయోజనం లేదు. హెడ్‌లైట్‌ను మినుకుమనిపిస్తే కొందరికి “నీవు వెళ్లు” అని అర్థం. మన రహదారులపై అత్యధికులకు “నేను వస్తున్నాను, ఆగు” అని అర్థం. ఒకే వెలుగుకు రెండు అర్థాలున్న చోట ప్రాణం దానిని నమ్ముకొనరాదు. అలాగే లారీ చోదకులు వెనుకవారికి దాటిపొమ్మని చెప్పడానికి ఇండికేటర్ వేసే అలవాటు ఉన్నది. దాటిపొమ్మంటున్నాడని తలచి ముందుకు వెళ్లిన ద్విచక్ర వాహనదారుడు, లారీ నిజంగానే మలుపు తిరిగితే దాని చక్రాల కిందికి చేరుతాడు. అందుచేతనే కూడళ్ల వద్ద ఓవర్‌టేక్ చేయరాదనే నిబంధన.

సరిహద్దు వాసులకు మరొక చిక్కు ఉన్నది. బోర్డులపై భాష మారుతుంది. తమిళంలో “నిల్” అని, కన్నడంలో “నిల్లిసి” అని, మరాఠీలో “థాంబా” అని ఉండవచ్చును. మాట వచ్చినా లిపి రాని పెద్దలు మన ఇళ్లలో ఎందరో ఉన్నారు. వారికి ఊరట కలిగించే విషయమొకటున్నది. బోర్డు ఆకారమే ఒక లిపి. ఎనిమిది మూలల ఎర్ర బోర్డు ‘ఆగుము’ అని చెప్పడానికి మాత్రమే వాడుతారు. తలకిందులైన త్రిభుజం ‘దారి ఇమ్ము’ అని చెప్పడానికి మాత్రమే వాడుతారు. నిటారుగా నిలిచిన త్రిభుజం హెచ్చరిక. అక్షరం చెరిగిపోయినా, దుమ్ము కప్పినా, భాష తెలియకపోయినా ఈ ఆకారాలను గుర్తించవచ్చును. పాఠశాలలో ఒకటవ తరగతి పిల్లలకు ఆకారాలు నేర్పుతాము. ఆ పాఠంలోనే వీటినీ చేర్చితే, పిల్లలే ఇంటికి వెళ్లి తాతలకు బోధిస్తారు.

జరిమానా, నష్టపరిహారం

2019 సవరణ ఆ సంవత్సరం సెప్టెంబరు 1 నుండి అమలులోనికి వచ్చినది. దాని ప్రకారం చోదక నిబంధనలను ఉల్లంఘిస్తే 500 నుండి 1000 రూపాయల వరకు జరిమానా విధించవచ్చును. ఎర్రదీపాన్ని దాటడం, ‘ఆగుము’ బోర్డును లెక్కచేయకపోవడం, ఎదురుదిశలో నడపడం వంటివి అపాయకరంగా జరిగితే ప్రమాదకర చోదన కిందికి వస్తాయి. అంబులెన్సుకు దారి ఇవ్వకపోతే 10,000 రూపాయల వరకు జరిమానా గాని, ఆరు నెలల వరకు జైలు గాని, రెండూ గాని ఉండవచ్చును. అక్కడికక్కడే కట్టే రాజీ రుసుమును మాత్రం రాష్ట్ర ప్రభుత్వాలు నిర్ణయిస్తాయి. అందువలననే ఒకే తప్పుకు సరిహద్దుకు ఇటు ఒక మొత్తం, అటు ఒక మొత్తం కనిపిస్తుంది. రుసుము వేరైనంత మాత్రాన నియమం వేరు కాదు.

జరిమానా కన్నా పెద్ద నష్టం మరొకటున్నది. ప్రమాదం జరిగి కుటుంబం క్లెయిముల ట్రిబ్యునల్‌ను ఆశ్రయించినప్పుడు, గాయపడినవాడు దారి ఇవ్వకుండా రహదారిలోనికి దూసుకొచ్చినట్లు రుజువైతే, ఆ నిర్లక్ష్యంలో అతని వంతును లెక్కకట్టి పరిహారాన్ని తగ్గిస్తారు. సంపాదించే మనిషిని కోల్పోయిన ఇల్లు, రావలసిన సొమ్ములోనూ కొంత కోల్పోతుంది. ఇక్కడ సరిహద్దు వాసులు గుర్తుంచుకోవలసిన సౌకర్యం ఒకటున్నది. ప్రమాదం పొరుగు రాష్ట్రంలో జరిగినా, తాము నివసించే ప్రాంతపు ట్రిబ్యునల్‌లోనే దరఖాస్తు చేసుకొనవచ్చునని 166వ సెక్షన్ చెబుతున్నది. 2022 ఏప్రిల్ 1 నుండి ఆరు నెలల గడువు కూడా చట్టంలో చేరినది గనుక జాప్యం చేయకపోవడం క్షేమం.

తప్పు ఊరిదేనా?

నియమాలన్నీ చెప్పి, పాటించని గ్రామస్థుడినే దోషిగా నిలబెట్టడం న్యాయం కాదు. డివైడర్‌లో తెరపి రెండు మూడు కిలోమీటర్ల దూరంలో పెట్టి, ఎదురుగా కనిపించే పొలానికి అంత దూరం తిరిగి వెళ్లమంటే, బీదరైతు పెట్రోలు ఖర్చుకు జంకి ఎదురుదిశలో నడుపుతాడు. అది తప్పే. కాని ఆ తప్పుకు దారి వేసినది రహదారి నిర్మాణమే. సర్వీసు రోడ్డు లేని చోట, అండర్‌పాస్ లేని చోట, ఊరి దారి మొదట ‘దారి ఇమ్ము’ త్రిభుజమైనా లేని చోట చోదకుడిని మాత్రమే శిక్షించి ఏమి లాభం? రోడ్డు రూపకల్పనలో, నిర్వహణలో ప్రమాణాలు పాటించని అధికారులు, కాంట్రాక్టర్ల వలన మరణం గాని వైకల్యం గాని సంభవిస్తే లక్ష రూపాయల వరకు జరిమానా విధించవచ్చునని 2019 సవరణలోనే ఉన్నది.

మరొక మాట. జాతీయ రహదారిపై సుమారు 500 మీటర్ల పరిధిలో మూడేళ్లలో మరణం లేదా తీవ్రగాయాలతో కూడిన ప్రమాదాలు 5 జరిగినా, లేక మూడేళ్లలో మొత్తం 10 మరణాలు సంభవించినా, దానిని ‘బ్లాక్ స్పాట్’గా గుర్తించి సరిదిద్దాలని మంత్రిత్వ శాఖ నిర్వచించినది. కాని లెక్కలోనికి రావాలంటే ప్రమాదం పోలీసు రికార్డులో ఉండాలి. ఊరి పెద్దల మధ్య రాజీతో ముగిసిన ప్రమాదం ఆ రికార్డుకు ఎక్కదు. సరిహద్దున ఈ చిక్కు రెట్టింపు. ఫిర్యాదు ఏ రాష్ట్రపు ఠాణాలో ఇవ్వాలో తెలియక, ఆ భాషలో రాయలేక, చాలామంది మౌనం వహిస్తారు. రెండు భాషలు తెలిసిన ఉపాధ్యాయులు, విద్యావంతులు ఈ అర్జీల రచనలో తోడ్పడవలసి ఉన్నది.

చేయవలసిన పనులు

లైసెన్సు పరీక్షలో కుడి, ఎడమ మలుపులు సరిగా తిరిగి చూపాలని 1989 కేంద్ర మోటారు వాహన నియమాలలోనే ఉన్నది. ‘8’ అంకె ఆకారంలో బండి తిప్పి చూపితే తోలే నేర్పు తెలుస్తుంది గాని, ఎవరికి దారి ఇవ్వాలో తెలిసినదీ లేనిదీ తెలియదు. రవాణా కార్యాలయాలు దీనిని గమనించాలి. పంచాయతీలు తమ ఊరి దారి రహదారిలో కలిసే చోటును పరిశీలించి, చూపుకు అడ్డమైన ముళ్లపొదలను, ఫ్లెక్సీ బోర్డులను తొలగించాలి. ఆగు గీత, త్రిభుజపు బోర్డు, వీధిదీపం కావాలని తీర్మానం చేసి పంపాలి. ట్రాక్టరు యజమానులు ట్రాలీలకు ప్రతిఫలన పట్టీలు అతికించాలి. ఇంటి పెద్దలు లైసెన్సు లేని బాలురకు బండి తాళం ఇవ్వరాదు. మైనరు నేరం చేస్తే సంరక్షకుడికి 25,000 రూపాయల జరిమానా, మూడేళ్ల వరకు జైలు శిక్ష ఉన్నాయి.

చివరగా గమనించవలసినది, నిబంధనల భాష. ముందు వెళ్లే హక్కు నాదని వాదించడానికి అవి పుట్టలేదు. ఎవరు ఎవరికి దారి ఇవ్వాలో చెప్పడానికి పుట్టినాయి. బండి పెద్దదైతే దారి దానిదే అనే న్యాయం చెల్లే చోట బలవంతుడిదే రాజ్యం. అటువంటి రాజ్యంలో సైకిలు మీది పిల్లవాడికి, నడిచే ముదుసలికి చోటు లేదు. ఎదుటివాడు నియమం తప్పినా, మన వంతు వచ్చినా, అతడు ఆగినట్లు కళ్లతో చూసిన తరువాతనే కదలాలి. మన తల్లిదండ్రులు పొలం గట్టున ఎదురైనవాడికి ఒక అడుగు పక్కకు జరిగి దారి ఇచ్చేవారు. కూడలిలో మనకు కావలసినది ఆ అడుగే.