పొడుగు పిల్లలకు ఇన్సాఫ్ ఏదీ?



ముర్దా లేకుండానే జనాజా చదివించిన ఘనత అమెరికా బాస్కెట్‌బాల్ పండితులది. పది, పన్నెండేళ్ల కింద వీళ్లంతా కూర్చుని ఒక ఎలాన్ చేశారు: బిగ్ మ్యాన్ ఖతమ్, అతని జమానా అయిపోయింది అని. ఇప్పుడు అదే జబాన్‌తో ఇంకో మాట అంటున్నారు: బిగ్ మ్యాన్ అంటే అన్నీ రావాలి. దూరం నుంచి షాట్ వేయాలి, గార్డులా పాస్ ఇవ్వాలి, బుట్టకు కాపలా కాయాలి, తనకంటే అడుగున్నర పొట్టివాడి వెంట పరుగెత్తాలి. అదీ 20 ఏళ్ల ఉమర్‌కే! నిన్న ఖతమ్ అన్నవాళ్లే ఇవాళ కమాల్ చూపించమంటున్నారు.

రెండు మాటలూ జుల్మే. రెండింటి వెనకా ఒకటే బీమారీ ఉంది. పిల్లాడి ఖద్‌ను చూసి అతని నౌకరీ ఏమిటో ముందే ఫైసలా చేసేయడం. ఖద్ ఖుదా ఇచ్చింది. నౌకరీ మాత్రం మనుషులు అంటగట్టింది.

ఆట తెలియనివాళ్ల కోసం రెండు మాటలు. బిగ్ మ్యాన్ అంటే జట్టులో అందరికన్నా పొడుగైనవాడు, ఎక్కువగా సెంటర్ అని పిలుస్తారు. 10 అడుగుల ఎత్తున్న బుట్ట దగ్గర నిలబడి, పడని బంతిని పట్టుకోవడం, అవతలివాడి షాట్‌ను చేత్తో ఆపడం, దగ్గర నుంచి బంతి వేయడం అతని పాత పని. బంతిని తట్టుకుంటూ నడిపించడం, ఆటను చదవడం, దూరం నుంచి వేయడం పొట్టివాళ్ల పని అనుకున్నారు. ఈ బట్వారా ఎవరు చేశారు? ఆట చేయలేదు. ఆటను నడిపేవాళ్లు చేశారు.

తారీఖ్ చూడండి. 1951లో జార్జ్ మైకన్ అనే పొడుగాటాయన బుట్ట కింద నిలబడితే ఎవరికీ ఆపడం సాధ్యం కాలేదు. ఎన్‌బీఏ ఏం చేసింది? బుట్ట కిందున్న ఖానాను 6 అడుగుల నుంచి 12 అడుగులకు వెడల్పు చేసింది. దాడి చేసే జట్టువాడు ఆ ఖానాలో 3 సెకన్లకు మించి నిలబడకూడదు కాబట్టి, ఖానా పెరిగితే అతను దూరం జరగాల్సిందే. తర్వాత విల్ట్ ఛాంబర్లిన్ వచ్చాడు. 1964లో ఆ ఖానాను 16 అడుగులు చేశారు. 1967లో కాలేజీ ఆటల్లో డంక్‌నే బంద్ చేశారు. అప్పుడు యూసీఎల్ఏలో ఆడుతున్న ఆ కుర్రాడి పేరు లూ ఆల్సిండర్. దునియాకు తర్వాత కరీం అబ్దుల్ జబ్బార్‌గా తెలిసింది ఆయనే. ఆ పాబందీ 1976 దాకా ఉంది. జనం దాన్ని ఆల్సిండర్ రూల్ అనే పిలిచారు.

కరీం జవాబు నోటితో ఇవ్వలేదు, హునర్‌తో ఇచ్చాడు. చెయ్యి పైకెత్తి ఒంటి చేత్తో విసిరే స్కైహుక్‌ను ఎంత సాన పట్టాడంటే, ఎన్‌బీఏలో 38,387 పాయింట్లు చేశాడు. ఆ రికార్డు 2023 ఫిబ్రవరిలో లెబ్రాన్ జేమ్స్ దాటేదాకా నిలబడింది. పొడుగువాడి దగ్గర ఒక దర్వాజా మూస్తే ఇంకోటి తెరుచుకున్నాడు. అయినా పండితులకు అర్థం కాలేదు. పొడుగే అతని హునర్ అనుకున్నారు.

ఇక ఆ జనాజా కథ. 2001లో ఎన్‌బీఏ జోన్ డిఫెన్స్‌కు ఇజాజత్ ఇచ్చింది. అప్పటిదాకా బుట్టకు వీపు పెట్టి ఆడే సెంటర్ చేతికి బంతి రాకముందే అతన్ని ఇద్దరు కాయకూడదు, ఇప్పుడు ముందు నుంచే గుంపుగా చుట్టుముట్టొచ్చు. తర్వాత త్రీ పాయింట్ల హిసాబ్ వచ్చింది. దూరం నుంచి 100 వేస్తే 36 పడ్డా 108 పాయింట్లు. దగ్గర నుంచి 100 వేస్తే 50 పడ్డా 100 పాయింట్లే. ఈ లెక్క అర్థమయ్యాక జట్లన్నీ దూరానికి పరుగెత్తాయి. 2012లో ఆల్‌స్టార్ ఓటు పత్రం నుంచి సెంటర్ అనే ఖానానే తీసేశారు. రాయ్ హిబ్బర్ట్ 2014లో ఆల్‌స్టార్. 2017 తర్వాత లీగులో ఒక్క ఆట కూడా ఆడలేదు. ముప్పై నిండీ నిండకముందే బేకార్ అయిపోయాడు.

పండితులు అతన్ని చూపించి, చూశారా, చెప్పలేదా అన్నారు. నేనొక సవాల్ అడుగుతాను. చిన్నప్పటి నుంచి అతన్ని బుట్ట కింద నిలబెట్టింది ఎవరు? తర్వాత, నీకు బుట్ట కింద నిలబడటం తప్ప ఏమీ రాదు అన్నది ఎవరు? ఇద్దరూ ఒకరే కదా!

సబూత్ కావాలా? బ్రూక్ లోపెజ్‌ను చూడండి. 7 అడుగుల మనిషి. మొదటి 8 సీజన్లు మొత్తం కలిపి అతను వేసిన త్రీలు 31. పడ్డవి 3. తొమ్మిదో సీజన్‌లో, 2016-17లో, కొత్త కోచ్ వేయమన్నాడు. ఆ ఒక్క ఏడాదే 387 వేశాడు, 134 పడ్డాయి. 28 ఏళ్ల వయసులో అతనికి కొత్త చేతులు మొలవలేదు. ఆ చేతులు ముందు నుంచీ ఉన్నాయి, అడిగినవాడే లేడు. 2021లో మిల్వాకీ ఛాంపియన్ అయినప్పుడు ఆ జట్టు సెంటర్ ఆయనే.

ఇంకో గవాహీ నికోలా యోకిచ్. సెర్బియాలోని సోంబోర్ ఊరివాడు. ఎగరలేడు, పరుగులో జోరు లేదు. 2014 డ్రాఫ్ట్‌లో 41వ నంబరుకు గానీ అతని పేరు రాలేదు. ఆ పేరు చదివేటప్పుడు అమెరికా టీవీలో తిండి అడ్వర్టయిజ్‌మెంటు నడుస్తోంది! అతను మాత్రం గార్డులా ఆటను చదివాడు, పాస్ ఇచ్చాడు. 2021, 2022, 2024లో ఎంవీపీ. 2023లో డెన్వర్‌కు ఛాంపియన్‌షిప్. 2024-25లో ప్రతి ఆటకు సగటున 29.6 పాయింట్లు, 12.7 రీబౌండ్లు, 10.2 అసిస్టులు. ఏ సెంటరూ అంతకుముందు అలా సీజన్ అంతా చేయలేదు. 2019 నుంచి 2024 దాకా ఆరు ఎంవీపీలూ యానిస్, యోకిచ్, ఎంబీడ్‌లకే పోయాయి. ముగ్గురూ బిగ్ మ్యాన్‌లే, ముగ్గురూ అమెరికా బయట పుట్టినవాళ్లే.

ఆ మాట పాతవాళ్లను అడిగినా చెబుతారు. హకీం ఒలాజువాన్ నైజీరియాలోని లేగోస్‌లో పెరిగాడు. బాస్కెట్‌బాల్ పట్టుకునే ముందు ఫుట్‌బాల్‌లో గోల్‌కీపర్, హ్యాండ్‌బాల్ ఆటగాడు. అతని కాళ్ల నడక చూసి ఉస్తాదులే నోరెళ్లబెట్టారు. ఆ నడక బుట్ట కింద నిలబడితే రాలేదు, ఫుట్‌బాల్ మైదాన్‌లో వచ్చింది. 1994లో ఒకే సీజన్‌లో ఎంవీపీ, ఉత్తమ డిఫెండర్, ఫైనల్స్ ఎంవీపీ మూడూ తీసుకున్నాడు. 1995 ఫిబ్రవరిలో, రంజాన్ రోజాలతోనే ఆడి ఆ నెల ఉత్తమ ఆటగాడయ్యాడు. చిన్నప్పుడు ఎవరైనా, నువ్వు లంబూవి, గోల్‌లో ఏం పని అని ఉంటే ఆ హకీం దునియాకు దక్కేవాడా?

ఇక ఇవాళ్టి జుల్మ్ గురించి.

ఇప్పుడు పొడుగు పిల్లలకు అన్నీ నేర్పిస్తున్నారు, అల్‌హమ్దులిల్లాహ్. కానీ సబర్ లేదు. డ్రాఫ్ట్ మొదటి రౌండులో వచ్చిన 19 ఏళ్ల కుర్రాడికి రెండేళ్లే పక్కా. మూడో ఏడాది ఉంచుకోవాలా వద్దా అన్నది జట్టు చేతిలో ఉంటుంది. ఆ ఫైసలా మొదటి సీజన్ అయ్యాక, అక్టోబర్ ఆఖరుకే చేయాలి. అంటే ఒక్క ఏడాది చూసి తక్దీర్ రాసేస్తారు. గార్డు అయినా సెంటర్ అయినా ఇదే లెక్క. కానీ 7 అడుగుల జిస్మ్ కుదురుకోవడానికి 6 అడుగుల జిస్మ్ కంటే ఎక్కువ వఖ్త్ పడుతుంది. పాదాలు, మోకాళ్లు ఆ బరువుకు అలవాటు పడాలి.

జేమ్స్ వైజ్‌మన్‌ను చూడండి. కాలేజీలో ఆడినవి 3 ఆటలు. 2020లో రెండో నంబరుకు గోల్డెన్ స్టేట్ తీసుకుంది. కర్రీ, గ్రీన్‌లు ఏళ్ల తరబడి కళ్లతోనే మాట్లాడుకుంటూ ఆడే జట్టు అది. 19 ఏళ్ల కుర్రాడు వాళ్ల మధ్య నిలబడాలి. మోకాలు చిరిగింది, ఒక సీజన్ మొత్తం పోయింది. ఆ జట్టుకు 60 ఆటలు ఆడాక 2023 ఫిబ్రవరిలో పంపించేశారు. అతని మీద ఫ్లాప్ అని ముద్ర వేశారు. ఆ 60 ఆటల్లో అతను నేర్చుకోవాల్సినవి ఎన్ని అని ఎవరూ హిసాబ్ వేయలేదు.

సబర్ చేసినవాళ్లు ఏం పొందారు? ఎంబీడ్ 15 ఏళ్లకు గానీ ఈ ఆట మొదలుపెట్టలేదు. పాదం దెబ్బతో మొదటి రెండు సీజన్లు ఆడనే లేదు. ఫిలడెల్ఫియా ఆగింది, 2023లో అతను ఎంవీపీ. చెట్ హోమ్‌గ్రెన్ మొదటి సీజన్ మొత్తం పాదం దెబ్బతోనే పోయింది, తర్వాత తుంటి ఎముక విరిగింది. ఓక్లహోమా సిటీ ఆగింది. 2025 ఫైనల్స్ ఏడో ఆటలో అతను 5 షాట్లు బ్లాక్ చేశాడు, జట్టు ఛాంపియన్ అయింది.

విక్టర్ వెంబన్యామా మాట కూడా చెప్పాలి. 2004లో ఫ్రాన్స్‌లో పుట్టాడు. 2023లో మొదటి నంబరు. రెండో సీజన్‌లో భుజంలో రక్తం గడ్డకట్టి 46 ఆటల దగ్గరే ఆగిపోయాడు. దానికి ఆట భారమే కారణమని నేను ఇల్జామ్ వేయడం లేదు. నా గొడవ రూల్‌తో. 65 ఆటలు ఆడితేనే ఇనామ్‌కు హక్దార్ అని 2023-24 నుంచి లీగ్ షరతు పెట్టింది. స్టార్లు ఊరికే కూర్చుంటున్నారని తెచ్చిన షరతు అది. దాంతో దెబ్బ తగిలిన కుర్రాడి ముందు కూడా త్వరగా దిగమనే లాలచ్ పెట్టారు. మొదటి నంబరుకు వచ్చిన గ్రెగ్ ఓడెన్ మోకాళ్లు పోయి మొత్తం జిందగీలో 105 ఎన్‌బీఏ ఆటలే ఆడాడు. యావ్ మింగ్ పాదాలు 30 ఏళ్లకే అతన్ని ఇంటికి పంపాయి. ఈ ఇబ్రత్ సరిపోలేదా?

కొందరి ఏతరాజ్ ఉంది: కోట్ల డాలర్లు తీసుకుంటున్నారు, కష్టపడనీ. భాయీ, డబ్బు ఎముకను గట్టి చేయదు. ఇంకో ఏతరాజ్: అందరూ యోకిచ్‌లు కాలేరు, ఎవరో ఒకరు స్క్రీన్ పెట్టాలి, రీబౌండ్ పట్టాలి. నిజమే. 7 అడుగుల 4 అంగుళాల జాక్ ఈడీని పాత జమానా సరుకు అన్నారు, 2025లో ఆల్ రూకీ మొదటి జట్టులో ఉన్నాడు. బుట్ట దగ్గర మెహనత్ ఇజ్జత్ ఉన్న పనే, నేను దాన్ని తక్కువ చేయడం లేదు. నా షరతు ఒక్కటే: అన్నీ నేర్చుకున్నాక అతను ఎంచుకోవాలి. ఏమీ నేర్పకుండా మీరు ఎంచి పెట్టకూడదు.

మన ముల్క్ కూడా ఈ ఖద్ మోజు నుంచి బచాయించుకోలేదు. పంజాబ్ నుంచి వెళ్లిన 7 అడుగుల 2 అంగుళాల సత్నాం సింగ్‌ను 2015లో డాలస్ జట్టు 52వ నంబరుకు తీసుకుంది. హిందుస్తాన్‌లో పుట్టి డ్రాఫ్ట్ అయిన మొదటివాడని పేపర్లు సంబరం చేశాయి. అతనికి ఒక్క ఎన్‌బీఏ ఆట కూడా దక్కలేదు. ఖద్ దర్వాజా దాకా తీసుకుపోతుంది, లోపల కూర్చోబెట్టదు.

అందుకే నా ముతాలబా సాఫ్‌గా చెబుతాను. మూడో ఏడాది ఫైసలాను రెండు సీజన్లు చూశాకే చేయాలి. దెబ్బ తగిలినవాడికి 65 ఆటల షరతులో రియాయత్ ఇవ్వాలి. 20 ఏళ్ల కుర్రాడి మీద ఫ్లాప్ ముద్ర వేసే పండితులు ముందు తాము ఖతమ్ అన్న సెంటర్ల లెక్క చూసుకోవాలి.

డాలస్‌లోనో, హ్యూస్టన్‌లోనో, హైదరాబాద్‌లోనో మీ బేటా, మీ బేటీ తోటివాళ్ల కంటే తల ఎత్తు పొడుగుంటే, కోచ్ వెంటనే బుట్ట కింద నిలబెడతాడు. మ్యాచ్ గెలుస్తారు, మీరూ ఖుష్ అవుతారు. అప్పుడే కోచ్ దగ్గరికి వెళ్లి అడగండి: నా పిల్లాడికి బంతి నడపడం ఎప్పుడు నేర్పుతారు? పాస్ ఎప్పుడు నేర్పుతారు? కాలు నొప్పి అంటే ఎన్ని రోజులు కూర్చోబెడతారు? ఈ మూడు సవాళ్లకు జవాబ్ లేకపోతే, వేరే మైదాన్ వెతకండి.